సెల్లార్ శ్రమదానం

మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో ఏ మీటింగ్ పెట్టినా సెక్రటరీ గారు 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో వైజాగ్‌కి దేశంలో మూడో ర్యాంకు వచ్చిన సంగతి ఎత్తకుండా ఉండరు. ఆ ర్యాంకుకీ మా సెల్లార్‌కీ ఏ సంబంధమూ లేదని అందరికీ తెలుసు. అందుకే మొన్న ఆదివారం సెల్లార్‌తో మొదలుపెట్టి, పక్క వీధిలో మురుగు పారే గెడ్డ దాకా మనమే శుభ్రం చేసేద్దామని తీర్మానం చేశారు.

పొద్దున్నే చీపుళ్ళు, పారలు, తట్టలతో దిగాం. సెల్ఫీలకే బోలెడు టైమ్ పోయింది కానీ, పని మొదలయ్యాక మాత్రం చకచకా సాగింది. ఓ చక్రం ఊడిపోయిన పిల్లల సైకిలు, మూత లేని కుక్కరు, సముద్రపు గాలికి తుప్పుపట్టి ముట్టుకుంటే పొడి రాలే కూలర్ స్టాండు, అన్నీ బయటికి లాగి గేటు పక్కన గుట్ట పోశాం.

అదే కొంప ముంచింది. ఇన్నాళ్ళూ చీకట్లో ఎవరికీ పట్టని సామాను ఎండలోకి రాగానే అందరి కళ్ళలోనూ పడింది. మూడో అంతస్తు పిన్నిగారు బాల్కనీలో పళ్ళు తోముకుంటూ నోట్లో నురగతోనే, “అయ్యో, ఆ కుక్కరు మా పుట్టింటివాళ్ళు పెట్టిందర్రా!” అని కేకేశారు. నడుంనొప్పని అప్పటిదాకా చీపురు కూడా ముట్టని మాస్టారు “ఒక్క కోటింగ్ పెయింటు వేస్తే ఇంకో పదేళ్ళు వస్తుంది” అంటూ కూలర్ స్టాండుని ఒక్కరే భుజాన వేసుకుపోయారు. సైకిలు మాదేలెండి. అదీ వెనక్కొచ్చింది, ఇంట్లో ఇలాంటి విషయాల్లో నాకు ఓటు లేదు.

అసలు గొడవ రేకు దగ్గర వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఎక్కణ్ణుంచో ఎగరేసుకొచ్చి మా ప్రహరీ మీద పడేసిన రేకు అది. అప్పట్నుంచీ దానికి నాథుడు లేడు. పాత ఇనపసామాన్ల అతను వచ్చి రేటు చెప్పాడో లేదో, ముగ్గురు ఓనర్లు తేలారు. ఒకాయనైతే మేడమీదికి రండి, మేకుల కన్నాలు చూపిస్తాను, సరిపోకపోతే అడగండి అని పందేనికి దిగాడు. విని విని విసుగొచ్చి అతను తక్కెడ సర్దుకుని చక్కాపోయాడు. తగువు తేలేదాకా రేకు ఉమ్మడి ఆస్తి అని మళ్ళీ సెల్లార్‌లోకే మోశాం.

గెడ్డ మాట ఇంకెవరూ ఎత్తలేదు.

చెత్త బండి వచ్చేసరికి గేటు దగ్గర మిగిలినవల్లా మేం టిఫిన్ తిన్న అట్టప్లేట్లు, టీ కప్పులు, విరిగిన చీపురొకటి. అంటే మేం శుభ్రం చేయడానికి దిగకముందు అక్కడ లేని చెత్తన్నమాట! పోనీ దాన్నైనా పద్ధతిగా ఇద్దామంటే, చట్నీ అంటిన అట్టప్లేటు తడి చెత్తా, పొడి చెత్తా అని మళ్ళీ రెండు పార్టీలు.

డ్రైవరు కాసేపు చూసి హారన్ కొట్టాడు. “ఏటి బాబూ ఇది, నాను కాపులుప్పాడ యార్డుకెళ్ళాల. బేగి తేల్చండి, నేకపోతే ఇయ్యి కూడా ఆ సెల్లార్లోనే ఎట్టుకోండి.”