చలానాకు డిస్కౌంట్ ఇస్తే హెల్మెట్ ఎవరు పెడతారు?

సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసుల సోషల్ మీడియా పేజీ చూస్తే మీమ్ పేజీలు నడిపే కుర్రాళ్లకు కూడా కుళ్లు పుడుతుంది. ఏ సినిమా డైలాగైనా హిట్టయితే చాలు, అది హెల్మెట్ మీదకో సీటు బెల్టు మీదకో వచ్చేస్తుంది. హైదరాబాద్ సిటీ పోలీసులూ తక్కువేం తినలేదు. 2024 మొదట్లో మాదాపూర్ వైపు రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ బిల్లు చెప్పే మాటలు ఊరంతా మారుమోగుతుంటే, వాటినే కాస్త మార్చి, ఫోన్ మాట్లాడుతూ బండి నడుపుతున్నవాడి ఫొటో పెట్టి, 'మీది మొత్తం వెయ్యి అయ్యింది, యూజర్ చార్జెస్ ఎక్స్‌ట్రా' అని పోస్టు చేశారు. జనం తెగ నవ్వుకున్నారు, షేర్ చేసుకున్నారు.

ఇలాంటి ప్రచారాన్ని తీసిపారేయక్కర్లేదు. ఖాకీ చొక్కా చెబితే చెవికెక్కని మాట నవ్విస్తూ చెబితే ఎక్కొచ్చు. 2021 ఫిబ్రవరిలో సైబరాబాద్ ట్రాఫిక్ విభాగం తన వార్షిక సమావేశానికి జూనియర్ ఎన్టీఆర్‌ను పిలిచింది. 2014లో అన్న జానకిరామ్‌ను, 2018లో తండ్రి హరికృష్ణను రోడ్డు ప్రమాదాల్లోనే పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ వేదిక మీద ఆయన చెప్పినదానికి ఉన్న బరువు వంద ఫ్లెక్సీలకు ఉండదు.

అయితే హెల్మెట్ తలకు మంచిదని తెలియనివాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు? కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 50,029 మంది హెల్మెట్ లేకుండా బండి ఎక్కినవాళ్లు. వీళ్లకు ఎవరూ చెప్పక కాదు. 'ఇక్కడిక్కడికే కదా' అనుకుని బయల్దేరినవాళ్లు, హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకున్నవాళ్లు వీళ్లలో ఎంతమందో. తెలిసినదాన్ని పాటించేలా చేయడమే ట్రాఫిక్ పోలీసుల అసలు పని. ఆ పనిలో మన దగ్గర ఒకటి బాగా కుదిరింది, ఒకటి బెడిసికొట్టింది.

కుదిరింది డ్రంక్ అండ్ డ్రైవ్. వీకెండ్ రాత్రి జూబ్లీహిల్స్‌లో బారికేడ్లు పెట్టి గొట్టంలో ఊదిస్తారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటినట్టు తేలితే బండి అక్కడే ఆగిపోతుంది. ఎమ్మెల్యేకి ఫోన్ కలిపితే పని జరుగుతుందేమోనని చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే కథ. తర్వాత గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్. దానికి ఒంటరిగా వెళితే కుదరదు, ఇంట్లోవాళ్లను తీసుకెళ్లాలి. ఆపైన కోర్టు. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు శిక్ష వేసే వీలు చట్టంలో ఉంది.

ఇందులో మనిషిని నిజంగా కదిలించేది జరిమానా కాదు. పట్టుకున్నది ఆ క్షణంలోనే, నలుగురి ముందు. ఆ తర్వాత భార్య పక్కనో తండ్రి పక్కనో కూర్చుని ప్రమాదాల వీడియోలు చూడాలి. డబ్బున్నవాడికి పదివేల జరిమానా లెక్క కాకపోవచ్చు, ఆ గంట మాత్రం లెక్కే. పార్టీకి వెళ్లేటప్పుడు కారు ఇంట్లో వదిలేసి క్యాబ్ బుక్ చేసుకునే అలవాటు నగరంలో కొంతమందికైనా వచ్చిందంటే, దాని వెనక ఈ భయం ఉంది.

బెడిసికొట్టింది ఈ-చలానా. కానిస్టేబుల్ మలుపులో నిలబడి వెనక నుంచి ఫొటో కొడతాడు. బండి ఆపడు, మాట్లాడడు. హెల్మెట్ లేనివాడు హెల్మెట్ లేకుండానే ఇంటికి చేరతాడు. నిజంగా ప్రాణానికి ముప్పని అనుకుంటే అతన్ని అలాగే పోనిస్తారా? ఫోన్ నంబర్ పాతదైతే మెసేజ్ కూడా రాదు. బండి అమ్మబోయినప్పుడో, ఎక్కడో తనిఖీలో ఆపినప్పుడో పాత చలానాల చిట్టా బయటపడుతుంది. తప్పుకీ శిక్షకీ మధ్య నెలలు గడిచిపోతే అది కరెంటు బిల్లులాంటిదే అవుతుంది.

పైగా ఆ బిల్లుకు డిస్కౌంట్ కూడా! తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్ పెండింగ్ చలానాల్లో 75 శాతం మాఫీ చేశారు. రెండేళ్లు తిరక్కముందే, 2023 డిసెంబరులో, 80 శాతం మాఫీ అన్నారు. గడువు కూడా పొడిగించారు. బకాయిలు పేరుకుపోయాయి, ఎంతో కొంత వసూలైతే చాలన్నది ఖజానా లెక్క. జనానికి అర్థమైంది ఇంకోటి. వెంటనే కట్టినవాడు వెర్రివాడు, ఆగినవాడు తెలివైనవాడు. ఏడాది పొడవునా వేసిన మీమ్‌లన్నీ చెప్పినదాన్ని ఒక్క ప్రకటన చెరిపేసింది.

ఈ పద్ధతి నేర్పిన విద్య ఇంకోటుంది, నంబర్ ప్లేటు దాచడం. వెనక కూర్చున్నవాడు చెయ్యి అడ్డం పెడతాడు, ఇంకొకడు ప్లేటు వంచేస్తాడు, మరొకడు మాస్కు తగిలిస్తాడు. భయం కెమెరా అంటేనే, ప్రమాదమంటే కాదు.

2022 అక్టోబరులో ఆపరేషన్ రోప్ పేరుతో హైదరాబాద్ పోలీసులు అక్రమ పార్కింగ్ మీద పడ్డారు. సిగ్నల్‌తో పని లేకుండా ఎడమకు తిరిగే ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా ఆపితే 1000 రూపాయలు, నడిచేవాళ్ల దారికి అడ్డం పెడితే 600 అన్నారు. నడిచేవాడి గురించి పోలీసులు ఆలోచించడమే మంచి సంగతి. కానీ ఫుట్‌పాతే లేని చోట చలానా రాసి ఏం లాభం? అది మున్సిపాలిటీ చేయాల్సిన పని, ఆ చేతగానితనాన్ని కానిస్టేబుల్ నెత్తిన వేయలేం.

చలానా విషయం మాత్రం పోలీసుల చేతిలోనూ ప్రభుత్వం చేతిలోనూ ఉన్నదే. హెల్మెట్ లేనివాణ్ని ఫొటో తీసి వదిలేయకుండా ఆపాలి. హెల్మెట్ తెచ్చుకునేదాకా బండి కదలనివ్వకూడదు. సిబ్బంది చాలరంటే రోజుకో నాలుగు చౌరస్తాల్లో చేసినా సరే, రేపు ఎక్కడన్నది ఎవరికీ తెలియకపోతే చాలు. పాత బకాయిలకు రాయితీ ఇవ్వక తప్పదనుకుంటే దాన్ని ఆన్‌లైన్‌లో ఊరికే పంచిపెట్టొద్దు. తాగి నడిపినవాళ్లకు పెట్టినట్టే, పది చలానాలు దాటినవాణ్ని కూడా ఇంట్లోవాళ్లతో కలిసి గోషామహల్ క్లాసుకు రమ్మనాలి. ఐఎస్ఐ మార్కున్న హెల్మెట్ చూపించాకే తగ్గింపు ఇవ్వాలి.