పాలు పోయకముందు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మా మామకు టీ కొట్టు ఉంది. హిమాచల్ నుంచి తెచ్చుకున్న కాంగ్రా బ్లాక్ టీ పొట్లం పట్టుకుని మొన్న సాయంత్రం అక్కడికి వెళ్లి, నా చేత్తోనే రెండు గ్లాసులు కాచాను. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు.

మామ: ఇదేం టీ అల్లుడూ? ఎండుగడ్డి కడిగిన నీళ్లలా ఉంది. డికాషన్ ఇంత పల్చగా ఉంటే నా దగ్గరికొచ్చే ఆటో డ్రైవరు నా ముందే పారబోస్తాడు.

నేను: రంగు చూసి తేల్చేయొద్దు మామా. నువ్వు వాడేది సీటీసీ. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చీల్చి, గుండ్లలా చేస్తారు. వేడినీళ్లు తగలగానే రంగు దిగుతుంది. ఇది నిండు ఆకు, నిదానంగా దిగుతుంది.

మామ: నిదానంగా దిగేదైతే బాగా మరిగించాల్సింది. అయినా అంత మంచి టీ అయితే, ఇన్నేళ్లలో ఆ పేరు నా చెవిన ఎందుకు పడలేదు?

నేను: మంచిది కాక కాదు మామా. 1849లో జేమ్సన్ అనే దొర కాంగ్రాలో ధౌలాధార్ కొండల కింద నేల చూసి టీకి పనికొస్తుందన్నాడు. చైనా రకం మొక్కలు పెట్టారు. ఆకు చిన్నది. అస్సాం టీకి ఉన్న బరువు దీనికి రాదు, వాసన వస్తుంది. తోటలు బాగా సాగుతున్న రోజుల్లో, 1905 ఏప్రిల్ 4న భూకంపం వచ్చింది. దాదాపు 20,000 మంది పోయారు. ఫ్యాక్టరీలు కూలాయి, దొరలు తోటలు వదిలేసి వెళ్లిపోయారు. 2005లో జీఐ, అంటే ఆ పేరు ఆ ప్రాంతం సరుకుకే చెందుతుందనే గుర్తింపు వచ్చినా ఆ పేరు మన దాకా రాలేదు. ఇక మరిగించడం సంగతి. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది చూడు, బ్లాక్ టీలో జరిగేదీ అదే. ఆకును వాడబెట్టి, నలిపి, గాలికి వదులుతారు. రంగూ వాసనా చూసుకుని, సరైన సమయానికి వేడి తగిలించి ఆపుతారు. అంత జాగ్రత్తగా నిలబెట్టిన వాసనను మనం పది నిమిషాలు మరిగించి ఆవిరిలో కలిపేస్తే ఎట్లా? నీళ్లు తెర్లగానే దించి, గ్లాసుకు ఒక చెంచా ఆకు వేసి, మూత పెట్టి మూడు నిమిషాలు ఉంచితే చాలు. మొదటి గుక్క వెంటనే మింగకుండా నాలుక మీద ఆపు. ముందు కొంచెం తేనె వాసన, వెనకాల సన్నటి వగరు.

మామ: వగరు నాకూ తగిలింది. మరి పాలెందుకు పోస్తామనుకున్నావ్? ఆ వగరు విరగడానికే.

నేను: నిజమే, పాలలో ఉండే ప్రొటీన్ వగరును పట్టేసుకుంటుంది. కానీ ఇందులో అంత వగరు లేదు. పాలు పోస్తే పాల రుచే మిగులుతుంది.

మామ: నీకది చాలు. తెల్లారి ఐదింటికి మార్కెట్లో మూటలు మోసేవాడికి టీ అంటే సగం తిండి. పాలూ చక్కెరా కడుపులో పడితేనే పదింటి దాకా ఆగుతాడు. తేనె వాసనతో వాడి ఆకలి తీరుతుందా?

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

నేను: వాడి గ్లాసు మార్చమని అడగడం లేదు మామా. రోజూ వందల గ్లాసులు కాచేవాడివి, ఆకు రుచి ఒట్టిగా ఎట్లుంటుందో నీ నాలుకకు తెలియాలని నా ఆశ.

మామ: నా నాలుకకు ఇంకోటి తెలిసింది. ఏ నీళ్లు పెట్టినావ్?

నేను: వెనక ట్యాప్‌లో పట్టాను.

మామ: అది బోరు! గ్లాసులు కడగడానికి పెట్టుకున్నా. ఆ బకెట్టుకు పట్టిన తెల్ల సున్నం చూడు. నీ టీ మీద తేలిన తెట్టు చూడు. పాలు పోసుంటే ఈ తప్పు సగం దాగేది. ఒట్టి టీకి దాక్కునే చోటు లేదు.

నేను: అయితే క్యాన్ నీళ్లు పెడతా.

మామ: వద్దు. మెషిన్‌లో పోసి ఉప్పులన్నీ తీసేసిన నీళ్లు అవి, టీ చప్పబడుతుంది. కుళాయి నీళ్లున్నాయి, నా టీ అంతా వాటితోనే.

నేను: ఇంట్లో తాగేది క్యాన్ నీళ్లే కదా, అత్త ఎప్పుడూ చప్పన అనలేదే?

మామ: మీ అత్త తాగేది నీళ్లు, నేను కాచేది టీ. రెండూ ఒకటేనా?

నేను: సరే, ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఒకటి చూడు మామా, పాలు లేవు కాబట్టే నీళ్ల తప్పు ఒక్క గుక్కలో పట్టేశావ్. నేను ఇందాకటి నుంచి చెప్తున్నది ఇదే.

మామ: (కాసేపు ఆగి) ఆకు ఇంకా ఉందా?

నేను: ఉంది.

మామ: కుళాయి నీళ్లు పెట్టు. నాలుగు నిమిషాలు ఉంచుదాం.

నేను: మూడు.

మామ: అయితే రెండు గ్లాసులు పెట్టు. మూడు నిమిషాలది నీది, నాలుగు నిమిషాలది నాది. రెండూ ఇద్దరం తాగాల.