బాలమురళి గొప్పతనం కొత్త రాగాల్లోనే ఉందా?

చెన్నైలో డిసెంబరు సంగీత సీజన్ మొదలైతే చాలు, సభల క్యాంటీన్లలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ తెలుగువాళ్ల మధ్య ఏదో ఒక రోజు ఈ చర్చ రాక తప్పదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాయకుడిగా ఎంతటివారో ఎవరూ కాదనరు. పేచీ అంతా వాగ్గేయకారుడి దగ్గరే, అంటే పాట రాసి తానే స్వరం కట్టే రచయిత దగ్గరే. నాలుగు స్వరాలతో, మూడు స్వరాలతో రాగాలు పుట్టించిన సాహసి అని ఒకరంటారు. స్వరాలు తీసేసినంత మాత్రాన రాగమైపోతుందా అని ఇంకొకరంటారు. 1980ల తొలినాళ్లలో వీణ ఎస్.బాలచందర్ ఇదే ప్రశ్నను బహిరంగంగా లేవనెత్తారు. నలభై ఏళ్లు దాటినా అభిమానులూ విమర్శకులూ అక్కడే పట్టుబట్టి కూర్చున్నారు. ఆయనకు దక్కిన కీర్తి న్యాయమైనదే. అయితే ఏ పనికి ఆ కీర్తి ఎక్కువగా దక్కిందో, ఆయన చేసినవాటిలో అది చిన్న పని.

ముందు లెక్క తేల్చుకుందాం. ఆధార స్వరమైన షడ్జం (స) స్థిరం. మిగిలినవి 11 స్వరస్థానాలు. 72 మూల రాగాలను లెక్కగట్టే మేళకర్త పద్ధతి ప్రకారం రెండు మధ్యమాలూ ఒకేసారి రాకూడదు. రి-గలకు ఉన్న నాలుగు స్థానాల్లోంచి రెండుకు మించి తీసుకోకూడదు. ద-నిలకూ అదే నియమం. ఆరోహణ ఎలా ఉంటే అవరోహణ కూడా అలాగే ఉండాలనుకుంటే, షడ్జంతో కలిపి మూడు స్వరాల వరసలు 54 వస్తాయి, నాలుగు స్వరాలవి 148 వస్తాయి. కాగితం, పెన్సిలు ఉంటే ఒక సాయంత్రం కూర్చుని అన్నీ రాసేయవచ్చు. కాబట్టి వరస కనిపెట్టడం దానంతటది ఘనకార్యం కాదు. పైగా హిందుస్తానీలో మాలశ్రీ రాగానికి ప్రాణమంతా స-గ-పలే. మన పాత శాస్త్ర గ్రంథాల్లో నాలుగు స్వరాలదానికి స్వరాంతరమనీ, మూడు స్వరాలదానికి సామికమనీ పేర్లు కూడా ఉన్నాయి. కనుక "ఇంతకుముందు లేనేలేదు" అనడం ఎంత పొరపాటో, "ఇది శాస్త్రానికే ద్రోహం" అనడమూ అంతే పొరపాటు.

ఆయన పేరు పెట్టి, కృతి కట్టి నిలబెట్టిన వరసల్లో ముఖ్యమైనవి ఇవి (శుద్ధ, అంతర వంటి మాటలు ఆ స్వరం ఏ స్థానంలో ఉందో చెబుతాయి). మహతి: స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం. లవంగి: స, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. సుముఖం: స, చతుశ్రుతి రిషభం, ప్రతి మధ్యమం, కాకలి నిషాదం. మూడు స్వరాలవి సర్వశ్రీ (స, శుద్ధ మధ్యమం, ప), ఓంకారి (స, ప్రతి మధ్యమం, ప), గణపతి (స, అంతర గాంధారం, ప). వీటిని గ్రహభేదం చేసి, అంటే ఇంకో స్వరాన్ని షడ్జంగా పట్టుకుని చూస్తే ఒక విషయం బయటపడుతుంది. లవంగిలో రిషభాన్ని షడ్జంగా పట్టుకుంటే వచ్చేది స, అంతర గాంధారం, ప, కాకలి నిషాదం. మహతికీ దానికీ తేడా నిషాదం ఒక్కటే. వినడానికి మాత్రం రెండూ ఎక్కడా పోలవు. వరస కంటే షడ్జం ఎక్కడ నిలబడింది, ఏ స్వరం మీద ఆగాం అన్నదే రాగాన్ని తేలుస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక అసలు పరీక్ష. రాగమంటే స్వరాల జాబితా కాదు. ఆలాపనకు నిలవాలి, ఇంకొకరు పాడినా గుర్తుపట్టగలగాలి. మహతినే తీసుకోండి. వీణ మెట్ల మీద చూస్తే సకూ గకూ మధ్య నాలుగు మెట్ల ఎడం, గకూ పకూ మూడు, పకూ నికీ మూడు, నికీ పై సకూ రెండు. స్వరాన్ని ఊపే కంపితం వెయ్యాలంటే ఊగడానికి పక్క స్వరం దగ్గరలో ఉండాలి. ఇక్కడ గాంధారానికి పొరుగే లేదు. మహతి స్వరాలన్నీ ఉన్న మేళకర్త హరికాంభోజికి అలవాటుపడ్డ గొంతు ని నుంచి పకు దిగేటప్పుడు తెలియకుండానే ధైవతాన్ని తాకుతుంది, గ నుంచి సకు వచ్చేటప్పుడు రిషభాన్ని రాసుకుంటుంది. అవి రెండూ హరికాంభోజి సొంత స్వరాలే కాబట్టి చెవి అభ్యంతరం చెప్పదు. పాట సాగిపోతూనే ఉంటుంది, మహతి మాత్రం అక్కడ ఉండదు. దీనికి విరుగుడు ఉంది. గాంధారాన్ని ఊపకుండా నిలబెట్టాలి. ప నుంచి నికి జారేటప్పుడు మధ్యలో ఎక్కడా ఆగకూడదు. నిషాదాన్ని కొద్దిగా పై షడ్జం వైపు వాల్చాలి. ఆగే చోట్లుగా గ, ప రెండింటినీ పెట్టుకుంటే పది నిమిషాల ఆలాపన హాయిగా నడుస్తుంది.

మహతి ఈ పరీక్ష నెగ్గింది. రుజువు ఆయన కచేరీల్లో వెతకనక్కర్లేదు. 1975లో వచ్చిన తమిళ సినిమా 'అపూర్వ రాగంగళ్' కోసం ఎం.ఎస్.విశ్వనాథన్ ఈ రాగంలో పాట కట్టారు, ఏసుదాస్ పాడారు. సృష్టికర్త చేయి దాటి, ఇంకో స్వరకర్త అవసరానికి ఉపయోగపడి, సంగీతం నేర్వనివారి నోట కూడా పలికిన రాగాన్ని రాగం కాదనడం మొండితనం. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ పుట్టించారని చెప్పుకునే కదనకుతూహలం సంగతి చూడండి. ఆరోహణలో స-రి-మ-ద-ని-గ-ప-స అని గంతులు వేసే ఆ వరస కాగితం మీద వింతగానే ఉంటుంది. ఒక్క కృతి దాన్ని నిలబెట్టింది.

సుముఖం దగ్గరకు వచ్చేసరికి ఇబ్బంది తంబురాతోనే మొదలవుతుంది. మామూలుగా మొదటి తీగె పంచమానికి కట్టి ఉంటుంది. ఈ రాగంలో పంచమం లేదు, ఉన్న ప్రతి మధ్యమం సరిగ్గా పంచమానికి ఒక్క మెట్టు కింద ఉంది. తీగె పంచమంలో మోగుతుంటే గాయకుడు మధ్యమం మీద నిలిచిన ప్రతిసారీ రెండూ ఒరుసుకుంటాయి. హిందుస్తానీవాళ్లు పంచమం లేని కొన్ని రాగాలకు చేసినట్టు ఆ తీగెను నిషాదానికి దించుకోవచ్చు, లేదా దాన్నీ షడ్జంలోనే పెట్టుకోవచ్చు. లవంగికైతే శుద్ధ మధ్యమంలో పెట్టుకోవచ్చు. ఇంత శ్రద్ధ తీసుకోకుండా మామూలు ప-స శ్రుతి పెట్టేసి పాడి, రాగంలోనే ఏదో లోపముందని తీర్పు చెప్పడం భావ్యం కాదు.

మూడు స్వరాలవాటి గురించి మాత్రం విమర్శకులతోనే ఏకీభవించాలి. అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనకు ముడిసరుకు ఎంత ఉందో చూడండి. ఐదు స్వరాలను ఒక్కోటి ఒక్కసారే వాడి 120 వరసల్లో పేర్చవచ్చు, నాలుగింటిని 24, మూడింటిని 6. సర్వశ్రీలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. మధ్యమం నుంచి పై షడ్జానికి ఉన్న దూరం, షడ్జం నుంచి పంచమానికి ఉన్న దూరంతో సమానం. మధ్యమం మీద కాస్త ఎక్కువసేపు ఆగితే చెవి దాన్నే షడ్జమనుకుంటుంది, అసలు షడ్జం పంచమంలా వినిపిస్తుంది. ఆగకపోతే భావం నిలవదు, ఆగితే ఆధారం కదిలిపోతుంది. బాలమురళి మూడు స్థాయిల్లో తిరిగే తన గొంతుతో, లయ విన్యాసంతో ఆ లోటు కప్పేశారు. అది గాయకుడి విజయం. ఆ వరసల్లో కృతి ఉంది, రాగం లేదు.

మరి వాగ్గేయకారుడిగా ఆయన పెద్ద పని ఏది? కుర్రతనంలోనే 72 మేళకర్త రాగాలన్నిటిలోనూ తెలుగులో, సంస్కృతంలో కృతులు కట్టారు. 'జనకరాగ కృతి మంజరి' పేరుతో అవి 1952లో పుస్తకంగా వచ్చాయి. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండేళ్లకు మించలేదు. వాగ్గేయకారుడు కోటీశ్వర అయ్యర్ అంతకుముందే తమిళంలో ఈ పని చేశారు కాబట్టి ఇందులో మొదటివారన్న పేరు బాలమురళిది కాదు. మొదట చేసింది ఎవరన్నది ఇక్కడ అంత ముఖ్యమూ కాదు. ఆ 72లో 40 వివాది మేళాలు, అంటే స్వరాలు ఇరుకుగా పక్కపక్కనే పడి గొంతు సహజంగా తప్పించుకుపోయే చోట్లు. ఆరో మేళం తానరూపి చూడండి. స, శుద్ధ రిషభం, శుద్ధ గాంధారం వీణ మీద పక్కపక్క మెట్లు. అక్కడి నుంచి మధ్యమానికి మూడు మెట్ల గెంతు. ప నుంచి షట్శ్రుతి ధైవతానికి మళ్లీ మూడు మెట్ల గెంతు, ఆపైన ధైవతం, కాకలి నిషాదం, పై షడ్జం మళ్లీ ఇరుక్కుని ఉంటాయి. రిషభాన్ని ఊపితే అది గాంధారంలోకి పోతుంది. ధైవతం కొంచెం దిగిందంటే మేళమే మారిపోతుంది. ఇలాంటి చోట పల్లవి ఎత్తుగడకు స్వరం ఎంచుకోవడం, ఊపకూడని స్వరం మీద పొడుగు అచ్చు పడేలా మాట పొదగడం, ఇవీ అసలు సిసలు రచనా సమస్యలు. మూడు స్వరాల వరసకు పేరు పెట్టడం కంటే ఇది ఎన్నో రెట్లు కష్టం. తొలగించి సాధించిన కొత్తదనానికి చప్పట్లు మోగాయి, ఉన్నవన్నీ మోసుకుని నడిచిన పనికి తగినన్ని మోగలేదు.

రెండోది తిల్లానాలు, అంటే లయ పలుకులైన జతుల మీద నడిచే పాటలు. కదనకుతూహలం, బృందావని, ద్విజావంతి తిల్లానాలు పాటకచేరీల్లోనూ నాట్య వేదికల మీదా స్థిరపడిపోయాయి. జతులు నోటికి అంది, కాలికి కుదిరేలా ఉంటాయి. చివర రెండు మూడు పాదాల సాహిత్యం, సంతకంగా 'మురళి' ముద్ర. చెన్నైలో అరంగేట్రాల కాలంలో ఏ హాలుకు వెళ్లినా వీటిలో ఒకటి వినిపిస్తుంది.

తాళంలో ఆయన చేసిన ప్రయోగాన్ని పేరు తప్ప పట్టించుకునేవాళ్లు తక్కువ. గతిని, అంటే ఒక్కో అక్షరానికి పడే మాత్రల సంఖ్యను, తాళమంతటా మార్చకుండా చప్పుడయ్యే క్రియల్లో (చేతి దెబ్బల్లో) మాత్రమే మార్చే పద్ధతి తెచ్చి త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అని పేర్లు పెట్టారు. ఆదితాళంలో దెబ్బ పడేవి 1, 5, 7 అక్షరాలు. వాటికి మాత్రమే 5 మాత్రలిచ్చి మిగిలిన ఐదింటికీ 4 ఉంచితే ఆవర్తనం (తాళం ఒక చుట్టు) 32 నుంచి 35 మాత్రలవుతుంది. మృదంగం వాయించేవారు చేతిలో ఉన్న ముగింపు లెక్కలు, ముక్తాయింపులన్నీ పక్కన పెట్టి కొత్తగా లెక్క కట్టుకోవాలి. మూడు స్వరాల రాగాల కంటే ఇందులో తవ్వాల్సింది చాలా ఉంది.

ఒక లోపం చెప్పాలి. ఆయన రచనలు చాలావరకు ఆయన గొంతు కొలతకే కుట్టినవి. మంద్రం నుంచి తారానికి ఒక్క ఊపులో ఎగిరే చోట్ల నేర్చుకునేవాళ్లు కృతిని వదిలేసి ఆయన పలుకును అనుకరిస్తారు. సాహిత్యంలోనూ త్యాగయ్య రాముడితో మాట్లాడినట్టు మాట్లాడే చోట్లు తక్కువ, మాట నాదానికి తలవంచే చోట్లు ఎక్కువ. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ద్వారా త్యాగరాజ శిష్య పరంపర నుంచి వచ్చిన వాగ్గేయకారుడు కనుక ఈ పోలిక రాక తప్పదు.

ఈ సీజన్‌లో పాట కోరుతూ చీటీ పంపే రసికులు మహతి బదులు ఆయన వివాది మేళ కృతి ఒకటి అడిగి చూడండి. కచేరీ మధ్యలో కాదు, నెల ముందే అడగండి. షట్శ్రుతి ధైవతం గొంతులో కుదురుకోవాలంటే ఒక పూట సాధన చాలదు.