సోమరులు చేయలేని సాగు

గంజాయి అనగానే లోకం కళ్లముందు ఒకటే బొమ్మ మెదులుతుంది. సగం మూతపడ్డ కళ్లు, మంచం దిగని ఒళ్లు, రేపటి సంగతి రేపు చూద్దాంలే అనే వాలకం. ఈ అపవాదును ఇక సహించడానికి వీల్లేదు. తాగేవాళ్ల సంగతి నాకు అనవసరం. కానీ ఇంట్లో, ఓ గది మూలన, మొట్టమొదటిసారి గంజాయి మొక్క పెంచుతున్న మనిషిని చూశాక కూడా ఎవరైనా సోమరితనం అనే మాట ఎత్తితే వాళ్లకు న్యాయబుద్ధి లేదని నిర్మొహమాటంగా చెప్పాల్సి వస్తుంది.

చట్టం ఒప్పుకున్న చోట పెంచుకునేవాళ్ల గురించే ఈ వాదన అని మనవి. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు తలా మూడు మొక్కలు పెంచుకోవచ్చు. కెనడాలో 2018 నాటి చట్టం ఇంటికి నాలుగింటిని అనుమతించింది. ఉరుగ్వేలో పేరు నమోదు చేయించుకుంటే ఆరు. మిగతా చాలా దేశాల్లో ఇదే మొక్క నేరుగా జైలుకు దారి చూపిస్తుంది కాబట్టి, అక్కడి పాఠకులు దీన్ని కేవలం సాహిత్యంగా చదువుకోవాలి.

ఇంతకీ ఈ మొక్క అడిగేదేమిటి? నిజానికి ఏమీ అడగదు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దానికి కానబిస్ సటైవా అని పేరు పెట్టకముందూ, పెట్టిన తర్వాతా, అది కాలవ గట్ల మీదా చెత్త కుప్పల పక్కనా ఎవరూ చుక్క నీళ్లు పోయకుండానే మనిషెత్తు పెరిగింది. అలాంటి మొండి మొక్కను మన సాగుదారు ఇంట్లోకి తెచ్చి, మొట్టమొదట చేసే పని కిటికీ మూసేయడం. ఉచితంగా వస్తున్న సూర్యుణ్ణి బయట నిలబెట్టి, డబ్బు పోసి ఇంకో సూర్యుణ్ణి కొనుక్కొస్తాడు. ఆ కొత్త సూర్యుడంటే కరెంటు దీపం. దాని పెట్టె మీద 1000 వాట్లు అని రాసి ఉంటుంది. చవక రకమైతే, ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే అందులో పదో వంతు కూడా లాగకపోవచ్చు. ఈ రహస్యం అతనికి మొక్క చిక్కి, సన్నగా సాగి, దీపం వైపు దీనంగా మెడ చాచిన తర్వాత తెలుస్తుంది.

మొక్క ఇంట్లోకి రావడం వెనక ఓ చరిత్ర లేకపోలేదు. 1983లో కాలిఫోర్నియా ప్రభుత్వం హెలికాప్టర్లతో కొండలూ అడవులూ గాలించి గంజాయి తోటలు పీకించడం మొదలుపెట్టింది. పైనుంచి కనబడకూడదంటే పైకప్పు కావాలి కదా. అలా ఎంతోమంది దీపాల కిందికి చేరారు. ఆ తర్వాత అక్కడ చట్టం మారింది. లోపలికి చేరిన మొక్కలన్నీ మాత్రం తిరిగి బయటికి రాలేదు. చలిదేశాల్లో శీతాకాలం ఉంది, పక్కింటివాళ్లకు ముక్కు ఉంది, నిజమే. కానీ అసలు కారణం, ఇంట్లో పెడితే కొనాల్సిన సామాను ఎక్కువ కావడమేనని నా అనుమానం. లోపల వెండిలా మెరిసే టెంటు, గాలి లాగే ఫ్యాను, వాసన పట్టే కార్బన్ ఫిల్టరు, టైమరు, తేమ చూసే మీటరు, నీటి పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో, చూసే మీటరు, ఆ మీటరు సరిగ్గా చూస్తోందో లేదో చూసే ద్రావణం. ఇవన్నీ అమర్చేసరికి గదిలో మనిషికి చోటుండదు. మొక్క అప్పటికింకా రెండాకుల మీదే ఉంటుంది.

చీకటి దగ్గర అతని క్రమశిక్షణ శిఖరానికి చేరుతుంది. ఎదిగే దశలో రోజుకు 18 గంటలు వెలుతురిస్తారు. పంట అంటే ఆడపూలే. పూత రావాలంటే వెలుతురును 12 గంటలకు తగ్గించి, మిగతా 12 గంటలూ కటిక చీకటి పాటించాలి. మధ్యలో వెలుతురు చొరబడితే మొక్క కంగారుపడి ఆడపూలతోపాటు మగపూలూ వేసే ప్రమాదముంది. అందుకని మన సాగుదారు దీపం ఆర్పేసి, తనే టెంటులోకి దూరి, జిప్పు వేసుకుని, కుండీ పక్కన గొంతుక్కూచుంటాడు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, జిప్పు కుట్లలోంచి సూదిమొనంత వెలుగు ఎక్కడ పడుతోందో వేలితో తడిమి వెతుకుతాడు. అడాప్టరు మీద మినుకుమనే పచ్చచుక్క మీద నల్ల టేపు అతికిస్తాడు. అది చాలదని ఇంకో పొర వేస్తాడు. రాత్రి ఎనిమిది దాటాక ఆ గది తలుపు తెరిచే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. ఇంతటి నిష్ఠ గుహలో తపస్సు చేసేవాళ్లకైనా ఉందో లేదో.

ఇక ఆడా మగా తేలే రోజు. ఈ జాతిలో మామూలుగా ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. మగది పుప్పొడి రాల్చిందంటే ఆడపూలన్నీ గింజ కట్టి కూర్చుంటాయి, పంట పోయినట్టే. కొమ్మ కణుపు దగ్గర కనిపించేవి ఆడదని చెప్పే రెండు తెల్లటి వెంట్రుకలా, మగదని చెప్పే చిన్న ఉండా అని భూతద్దం పెట్టుకుని రోజుకు పదిసార్లు చూస్తాడు. ఆడపిల్లే పుట్టాలని ఇంతగా ఆరాటపడే తండ్రి మనకు వేరే ఎక్కడ దొరుకుతాడు? ఆడ మొక్కలే వచ్చేలా తయారుచేసిన విత్తనాలు అమ్ముతారనుకోండి. కొన్నవాళ్లు కూడా భూతద్దం మానరు.

కష్టపడటంలో అసలు చిక్కేమిటంటే, కష్టం ఎక్కువైతే మొక్క చస్తుంది. కొత్తవాళ్ల చేతిలో పోయే మొక్కల్లో చాలావాటికి కారణం నీళ్లు తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడం. వేర్లకు గాలి కావాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే అవి ఊపిరాడక కుళ్లుతాయి, ఆకులు వేలాడతాయి. ఆకులు వేలాడాయని మనవాడు మరో చెంబు పోస్తాడు. కుండీ ఎత్తి చూస్తే బరువుతోనే సంగతి తెలిసిపోతుంది, కానీ అంత సులువైన పని చేయడానికి అతని మనసొప్పదు. కింది ఆకు ఒకటి పసుపెక్కుతుంది. వయసైపోయి రాలిపోయే ఆకేమో అన్న ఆలోచన రాదు. నత్రజని తక్కువైందని ఎరువు వేస్తాడు. ఆకు కొసలు మాడతాయి. ఎరువు ఎక్కువైందని బకెట్ల కొద్దీ నీళ్లతో కడుగుతాడు. కడిగాడు కాబట్టి మెగ్నీషియం పోయి ఉంటుందని అదీ పోస్తాడు. ఈలోగా తడి మట్టికి ఆశపడి చిన్న నల్ల దోమల్లాంటివి వచ్చి చేరతాయి, వాటికి పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీస్తాడు. కోతి పుండు బ్రహ్మరాక్షసి అని పెద్దలు దీని గురించే అన్నారని గట్టిగా నమ్ముతున్నాను.

ఇంత చేశాక అతను అడిగినవారికీ అడగనివారికీ చెప్పే మాట, "ఇది పూర్తిగా సహజసిద్ధం." 2021లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికాలో వ్యాపారానికి గదుల్లో పండించే గంజాయి లెక్క తీశారు. చోటును బట్టి, ఎండిన పువ్వు కిలోకు 2,283 నుంచి 5,184 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన ఉద్గారాలు తేలాయి. అందులో పెద్ద వాటా గదుల వాతావరణాన్ని అదుపులో పెట్టడానికీ దీపాలకూ పోతోంది. మన సాగుదారుది ఒక్క టెంటే కాబట్టి ఈ అంకెలు తనకు వర్తించవంటాడు. ప్రకృతి ఒడిలో పెరిగిందని మాత్రం పట్టుబట్టడు, ఒడికి ప్లగ్గు ఉంది కదా.

కోత కూడా తేలిగ్గా రాదు. పువ్వు మీది సన్నటి నూగుకు ఉండే జిగురు తలలు గాజులా ఉన్నాయా, పాలరంగుకు తిరిగాయా, తేనెరంగు పడుతోందా అని అరవై రెట్లు పెద్దవి చేసి చూడాలి. కోశాక తలకిందులుగా వేలాడదీసి చీకట్లో నెమ్మదిగా ఆరబెట్టాలి. తొందరపడితే వాసన పోతుంది, ఆలస్యమైతే బూజు పడుతుంది. ఆ తర్వాత గాజు సీసాలు. మొదట్లో రోజూ మూత తీసి గాలి ఆడనిచ్చి మళ్లీ మూయాలి. మనవాడు తేదీ, తేమ, వాసన నోట్‌బుక్కులో రాసుకుంటాడు.

అందుకే ప్రభుత్వాలకు నాదో విన్నపం. మత్తును అరికట్టడానికి పోలీసులూ ప్రచారాలూ అక్కర్లేదు. తాగాలనుకున్న ప్రతి ఒక్కరూ విత్తనం నుంచి తనే గదిలో పెంచుకోవాలని ఒక్క నిబంధన పెట్టండి. సగంమంది పీహెచ్ మీటరు దగ్గరే ఆగిపోతారు. మిగిలిన సగం దారిన పడతారు. నాలుగైదు నెలలు పొద్దున్నే లేస్తారు, లెక్కలు రాస్తారు, రసాయనశాస్త్రం చదువుతారు, రాత్రి ఇల్లు దాటరు. మనశ్శాంతి కోసం ఈ దారి పట్టిన మనిషి నిద్రలో లేచి టైమరు చూసి వస్తున్నాడంటే, అతన్ని ఇంతగా బాగుచేసిన వ్యవస్థ ఇంకేదైనా ఉంటే చెప్పండి.

పండించింది ఎలా ఉందని అడిగితే, ఇంకా రుచి చూడలేదట. మొదటి టెంటులో ఎత్తు చాలలేదని రెండోది ఆర్డరు పెట్టాడు, రేపు వస్తోంది. దానికి ఎన్ని అంగుళాల ఫ్యాను సరిపోతుందో ఈ రాత్రికి తేల్చాలి.