అరుణాచలానికి రాజీనామా అక్కరలేదు

కలలు నెరవేరాలంటే ఉద్యోగం మానేసి ఆధ్యాత్మిక యాత్రకు బయలుదేరాలని, జీవిత పరమార్థం ఆ దారిలోనే దొరుకుతుందని నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త అభిప్రాయపడ్డారు. చెన్నైలో స్థిరపడిన మాబోటి తెలుగువాళ్లలో చాలామంది పౌర్ణమి రాగానే తిరువణ్ణామలై (అరుణాచలం) బస్సెక్కి, 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసి, మర్నాడు యథావిధిగా ఆఫీసుకు హాజరవుతుంటారు కనుక ఈ మాటను యథాతథంగా ఒప్పుకోలేకపోతున్నాను.

1896లో పదహారేళ్ల వేంకటరామన్ (తరువాతి కాలపు రమణ మహర్షి) అన్నగారి కాలేజీ ఫీజు కోసం ఇచ్చిన అయిదు రూపాయల్లో మూడు తీసుకుని, మిగిలిన రెండూ చీటీతోపాటు ఉంచి మదురై విడిచి అరుణాచలం చేరుకున్నారు. ఫీజు కట్టలేదని ఆ చీటీలో రాసిపెట్టడం, నామటుకు నాకు, ఆయన వైరాగ్యం కన్నా ముచ్చటగా తోస్తుంది. అయితే రమణ మహర్షిగా ప్రసిద్ధులైన తరువాత, సంసారం వదిలేస్తామని వచ్చిన గృహస్థులను ఆయన ప్రోత్సహించలేదు. ఆ పేరు పెట్టిన కావ్యకంఠ గణపతి ముని (మన బొబ్బిలి ప్రాంతం వారే) సైతం గృహస్థే. ఏళ్ల తరబడి మంత్రజపం చేసినా తపస్సు అంటే ఏమిటో బోధపడలేదని 1907లో ఆయన మొరపెట్టుకున్నప్పుడు మహర్షి నుంచి దొరికిన సమాధానం, ‘నేను’ అనే తలపు ఎక్కడి నుంచి పుడుతోందో గమనించమన్నదే తప్ప, ఇల్లు విడిచి రమ్మని కాదు.

రాజీనామా చేశాక ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఎవరు కట్టాలన్న విషయంపై వ్యాసంలో ఒక్క వాక్యమైనా ఉండవలసింది.