కంట్లో నలుసు పడిన మొదటి రెండు రోజులు

మన దేశంలో 50 ఏళ్లు దాటని వాళ్లకి చూపు పోవడానికి మొదటి కారణం శుక్లాలు అనుకుంటే పొరపాటు. 2015-19 జాతీయ అంధత్వ సర్వే లెక్కల ప్రకారం ఆ వయసువాళ్ల అంధత్వంలో 37.5 శాతం కార్నియా మసకబారడం వల్ల వచ్చినదే. పల్లెల్లో కంట్లో పువ్వు వేసిందంటారే, అదే. శుక్లమైతే ఎన్నేళ్ల తర్వాత ఆపరేషన్ చేసినా చాలావరకు చూపు వస్తుంది. పువ్వు అలా కాదు. ఒకసారి కమ్మాక దాన్ని తీయడం ఎంత కష్టమో, కమ్మకుండా ఆపడం చాలా సందర్భాల్లో అంత తేలిక. అయినా విశాఖపట్నంలో కార్నియా మాటెత్తితే సంభాషణంతా నేత్రదానం, మార్పిడి ఆపరేషన్, ఈమధ్య స్టెమ్ సెల్స్ చుట్టూనే తిరుగుతుంది. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజుల ఊసే రాదు.

కార్నియా అంటే నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర. మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచి, కన్నీటి నుంచి తీసుకుంటుంది. రక్తం లేదు కాబట్టే వెలుతురు అడ్డు లేకుండా లోపలికి పోతుంది. పైపొర గీరుకుంటే ఒకటి రెండు రోజుల్లో మచ్చ లేకుండా మానుతుంది. కానీ ఆ గీత దారిన సూక్ష్మజీవి లోపలి పొరలోకి దిగితే పుండు పడుతుంది, పుండు మానినా తెల్లమచ్చ మిగులుతుంది. ఆ మచ్చ సరిగ్గా చూపు దారిలో పడిందంటే కన్ను ఉన్నా లేనట్టే.

విశాఖ, దాని చుట్టుపక్కల జిల్లాలు ఇలాంటి గాయాలకు కావలసినంత చోటిస్తాయి. గాజువాక ఆటోనగర్‌లో ఏ వీధిలోకి వెళ్లినా గ్రైండింగ్ రవ్వలు కనిపిస్తాయి. షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారాల చుట్టూ చిన్నాచితకా ఫ్యాబ్రికేషన్ షెడ్లున్నాయి. అనకాపల్లి, చోడవరం వైపు చెరకు ఆకు కంట్లో గీరుకుంటుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు కోతలప్పుడు, నూర్పులప్పుడు వరి ఆకు, ధాన్యపు ముల్లు గుచ్చుకుంటాయి. ఇనుప రవ్వ గుచ్చుకుంటే దాని చుట్టూ తుప్పు వలయం ఏర్పడుతుంది, రవ్వను తీసినా తుప్పు ఉండిపోతుంది. దాన్ని సరిగ్గా శుభ్రం చేయాలంటే స్లిట్ ల్యాంప్ (కంటి పొరలను పెద్దవిగా చూపే పరికరం), సూది, తర్ఫీదు ఉన్న చెయ్యి కావాలి. షెడ్లలో జరిగేది వేరు. జేబురుమాలు కొసతోనో పిన్నుతోనో నలుసు తీసే మొనగాడు ఒకడు ప్రతి వీధిలోనూ ఉంటాడు. ఊళ్లో అయితే చనుబాలు, ఆముదం, ఏదో ఒక ఆకు పసరు.

ఆ తర్వాత మెడికల్ షాపు. నా దృష్టిలో కథ మలుపు తిరిగేది ఇక్కడే. "కన్ను ఎర్రబడింది, చుక్కలమందు ఇవ్వండి" అంటే చేతికొచ్చేది చాలాసార్లు యాంటీబయాటిక్‌తో కలిపిన స్టెరాయిడ్ మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని చట్టంలో ఉంది. అడిగేవాళ్లెవరు? పైగా అది వేయగానే ఎరుపు, నొప్పి తగ్గుతాయి, మందు పనిచేసిందనే నమ్మకం కలుగుతుంది. ఆకుతోనో మట్టితోనో లోపలికి వెళ్లినది ఫుసేరియమ్, ఆస్పర్‌జిల్లస్ లాంటి ఫంగస్ అయితే మాత్రం స్టెరాయిడ్ చేసే మేలు దానికే. శరీరం కాపలా పడుకుంటుంది, ఫంగస్ తీరిగ్గా పెరుగుతుంది. అలా రెండు మూడు వారాలు గడిచాక హనుమంతవాకలోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో వస్తే, అక్కడి డాక్టర్ చేయగలిగింది సగానికి సగం తగ్గిపోయి ఉంటుంది.

ఇందులో బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఫంగస్ పుండును గుర్తించే పరీక్ష పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పుండు అంచు నుంచి కాస్త గీకి, గాజు పలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ పోగులు చాలావరకు అక్కడికక్కడే కనిపిస్తాయి. మందు కూడా పాతదే, నాటామైసిన్. దక్షిణ భారతంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో అమెరికా పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. కొత్తదైన వోరికోనజోల్ చుక్కల కంటే నాటామైసినే మెరుగని, ముఖ్యంగా ఫుసేరియమ్ విషయంలో తేడా స్పష్టంగా ఉందని అందులో తేలింది.

అసలు పుండే పడకుండా చూడొచ్చా? నేపాల్‌లోని భక్తపూర్‌లో ఆ ప్రయత్నం జరిగింది. ఊళ్లలో మామూలు ఆరోగ్య కార్యకర్తలకు నేర్పి, కన్ను గీరుకున్న వాళ్లకి వెంటనే క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ మూడు రోజులు వేయించారు. 18 గంటల లోపు మందు మొదలుపెట్టిన వాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదని 2001లో ప్రచురించారు. అయితే తర్వాత అదే నేపాల్‌లో ఊళ్లను రెండు జట్లుగా విడదీసి చేసిన పెద్ద పరీక్షలో మొత్తం మీద పుండ్లు తగ్గినట్టు కనిపించలేదు. దీన్ని దాచి భక్తపూర్ ఒక్కటే చెప్పడం సరికాదు. నాకు అర్థమైనంతలో ఆయింట్‌మెంట్‌ను నిందించడానికి లేదు. గీరుకున్న మనిషి సమయానికి కార్యకర్త దగ్గరికి రావడమే అసలు చిక్కు. రోజు కూలీ పోతుందని భయపడేవాడు కన్ను మండుతుంటే మండనీ అని పని చేసుకుంటూ పోతాడు.

ఇక మార్పిడి. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ చేసిన మొదటి విజయవంతమైన కార్నియా మార్పిడి, సున్నం పడి చూపు పోయిన కూలీకి. నూట ఇరవై ఏళ్లలో ఆపరేషన్ ఎంతో మారింది. ఇప్పుడు పాడైన పొరను మాత్రమే మారుస్తున్నారు, ఒక్కోసారి ఒకరిచ్చిన కార్నియా ఇద్దరికి పనికొస్తోంది. చనిపోయిన ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలి, వయసు అడ్డు కాదు, కళ్లజోడున్నా శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. ఇవన్నీ ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా చెబుతూనే ఉన్నారు, చెప్పాలి కూడా. చెప్పనిది ఒకటుంది. హైదరాబాద్‌లో చేసిన మార్పిడులను లెక్కగట్టి 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. కార్నియా కోన్‌లా సాగిపోయే కెరటోకోనస్ రోగుల్లో, ఐదేళ్ల తర్వాత కూడా సుమారు 95 శాతం మార్పిడులు నిలిచాయి. అన్ని జబ్బులూ కలిపి చూస్తే నిలిచింది 46.5 శాతమే. అప్పటికీ ఇప్పటికీ పద్ధతులు మెరుగుపడ్డాయి, ఒప్పుకుంటాను. కానీ పుండుతో చీము పట్టిన కన్ను, రక్తనాళాలు అల్లుకుపోయిన కన్ను కొత్త కార్నియాను సులువుగా నిలవనివ్వవు. అది ఇప్పటికీ మారలేదు.

పత్రికల్లో పతాక శీర్షికలకెక్కే పరిశోధనలను ఈ వెలుగులో చదవాలి. 2022లో పంది చర్మం కొలాజెన్‌తో తయారుచేసిన కార్నియాను భారత్, ఇరాన్‌లలో 20 మందికి అమర్చారు, ఫలితాలు బాగున్నాయి. ఆ 20 మందీ కెరటోకోనస్ వాళ్లే. అదే ఏడాది హైదరాబాద్ శాస్త్రవేత్తలు త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన కార్నియాను కుందేలు కంటికి పెట్టారు. జపాన్ 2023లో ల్యాబ్‌లో పెంచిన లోపొర కణాలను ఇంజెక్షన్‌గా ఇవ్వడానికి అనుమతించింది. గొప్ప పనులే. అయితే వీటిలో మనుషుల దాకా వచ్చినవి ముందు అందేది పుండు, వాపు లేకుండా ప్రశాంతంగా ఉన్న కళ్లకి. ఆటోనగర్ వెల్డర్ కన్ను, పాడేరు రైతు కన్ను ఆ వరుసలో చివరన ఉంటాయి.

ఒక్క మినహాయింపు చెప్పాలి, అదీ మన దగ్గర పుట్టిందే. సున్నం, యాసిడ్ పడినప్పుడు నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు (స్టెమ్ సెల్స్) చచ్చిపోతాయి, ఇక పైపొర కొత్తగా పుట్టదు. ఎల్‌వీ ప్రసాద్ సంస్థ వైద్యులు 2012లో ప్రచురించిన స్లెట్ పద్ధతిలో, రెండో కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్నచిన్న తునకలుగా చేసి, కాన్పులో బయటికొచ్చే మాయ నుంచి తీసిన పొర పరిచి దానిమీద జిగురుతో అతికిస్తారు. కణాలు పెంచే ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. 125 మంది మీద చూసిన ఫలితాల్లో 76 శాతం విజయం కనిపించింది. మన గాయాలకు, మన ఖర్చుకు తగ్గ పరిశోధన అంటే ఇలా ఉండాలి. రెండు కళ్లూ కాలిన వాళ్లకి మాత్రం సొంత కణాలతో ఈ దారి లేదు. అందుకే సున్నం పడగానే ఉన్నచోటే, ఆటో కోసం ఎదురుచూడకుండా, కుళాయి కింద కన్ను తెరిచి కనీసం అరగంట కడగాలి. రెప్పల కింద ఇరుక్కున్న సున్నపు పలుకులు తీసేయడానికి ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

షెడ్లలో రక్షణ కళ్లద్దాలు ఎందుకు పెట్టుకోరని అడిగితే నిర్లక్ష్యం అని తేల్చేస్తారు. విశాఖ ఉక్కపోతలో చవక గాగుల్స్ పెట్టుకుని పది నిమిషాలు గ్రైండింగ్ చేసి చూడమనండి. చెమటకి, ఆవిరికి ఏమీ కనబడదు. ఆవిరి పట్టని అద్దాలు కొనివ్వాల్సింది యజమాని, కొనిపించాల్సింది ఫ్యాక్టరీల శాఖ. చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మే షాపుల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఎప్పుడూ చేయనంత కచ్చితమైన తనిఖీ చేయాలి. ఇక ఆసుపత్రుల మాటకొస్తే, నర్సీపట్నం, పాడేరు లాంటి చోట్ల మలేరియా, టీబీ స్లైడ్లు చూసే మైక్రోస్కోపు ఇప్పటికే ఉంది, చూసే టెక్నీషియన్ ఉన్నాడు. కంటి స్లైడ్ చదవడం అతనికి నేర్పించడానికి విశాఖలో గురువులున్నారు. నాటామైసిన్ 2017 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. దాన్ని ఏరియా ఆసుపత్రులు తెప్పించుకునే మందుల జాబితాలో (ఇండెంట్‌లో) తప్పనిసరి చేయడానికి కొత్త భవనం, కొత్త పోస్టు ఏదీ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.