గెట్టు తెలిసిన మౌస్

మౌస్ మన చేతిలో ఉంది కదా, మన మాటే వింటుందనుకుంటే అమాయకత్వం. హన్మకొండ నయీంనగర్‌లో మా అద్దె గదిలో కూర్చుని కీకాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సర్క్యూట్ బోర్డులు గీసే నాకు ఈ జ్ఞానం కొంచెం ఆలస్యంగా కలిగింది.

పాయింటర్ నేను పెట్టిన చోట ఆగదు. దగ్గర్లో గ్రిడ్ చుక్క, అంటే తెర మీద సమాన దూరంలో పరిచిన చుక్కల్లో ఒకటి ఉంటే దానికి, ప్యాడ్, అంటే పార్టు కాలును సోల్డర్ చేసే రాగి ముక్క ఉంటే దానికి పోయి అతుక్కుంటుంది. దీన్ని స్నాపింగ్ అంటారు. పెళ్లిలో ఫొటోకి నిలబడితే పెద్దమ్మ వచ్చి భుజం పట్టి పక్కకు జరుపుతుంది చూడండి, అచ్చం అదే ప్రేమ. వద్దనుకునేవాళ్లకు దారి ఉంది. బోర్డు గీసేటప్పుడు కంట్రోల్ నొక్కి పట్టుకుంటే గ్రిడ్ ఊరుకుంటుంది, షిఫ్ట్ పట్టుకుంటే ప్యాడ్లూ, వాటిని కలిపే రాగి ట్రాకులూ ఊరుకుంటాయి. రెండూ పట్టుకుంటే చాయ్ తాగడానికి మూడో చెయ్యి కావాలి.

అయినా గ్రిడ్ విషయంలో నేను సాఫ్ట్‌వేర్ పక్షమే. స్కిమాటిక్‌లో, అంటే బోర్డుకు ముందు ఏది దేనికి కలవాలో గీసే పటంలో, 50 మిల్‌లకు ఒక గెట్టు. మిల్లు అనగానే వరంగల్ వాళ్లకు మూతబడిన ఆజంజాహీ మిల్లే గుర్తొస్తుంది కానీ, ఇక్కడ మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 50 మిల్‌లు కలిస్తే 1.27 మిల్లీమీటర్లు. అదెందుకని అడగకూడదు. గుంటకు 121 గజాలంటే ఎవరైనా ఎందుకని అడిగారా?

ఆ గెట్టు నేనే జరిపాను. ఒక పేరు అందంగా కనబడాలని గ్రిడ్‌ను 10 మిల్‌లకు తగ్గించాను. అదే ఊపులో రెసిస్టర్‌ను కూడా ఇంత జరిపాను. వైర్లతో సహా జరగాలంటే జీ నొక్కాలి. నా వేలు ఎమ్ మీద పడింది. ఎమ్ నొక్కితే రెసిస్టర్ ఒక్కటే కదులుతుంది, వైర్లు ఎక్కడివక్కడే. ఇల్లు మారి, కరెంటు మీటరు పాత ఇంట్లోనే వదిలి వచ్చినట్టు.

దూరం పావు మిల్లీమీటరు. మామూలుగా చూస్తే వైరూ పిన్నూ అంటుకునే ఉన్నాయి. బాగా జూమ్ చేస్తే పిన్ను కొసన ఆవగింజంత సున్నా, అంటే ఇంకా కలవలేదని. అంత దగ్గరికి పోయి చూసే ఓపిక ఎవరికుంది? స్కిమాటిక్‌లో కలవని పిన్నుల్ని పట్టే ఈఆర్‌సీ అనే తనిఖీ పెడితే అది చెప్పేది. నేను అడగలేదు. తర్వాత బోర్డు మీద డీఆర్‌సీ, అంటే బోర్డు గీతల తనిఖీ నడిపితే ఒక్క తప్పూ లేదంది. దాన్ని తప్పుపట్టను. ఆ వైరూ పిన్నూ కలవాలని స్కిమాటిక్ దానికి చెప్పందే, కలవలేదని అదెలా అంటుంది?

చేయించిన ఐదు బోర్డులు వచ్చాయి. ఎల్‌ఈడీ వెలగకూడదన్న విషయంలో ఐదూ ఒకే మాట మీద ఉన్నాయి. మా రూమ్మేట్ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “బోర్డు మంచిగనే ఉందన్నా, లైటే వస్తలేదు” అన్నాడు.

కాబట్టి గ్రిడ్ మార్చే మెనూ దగ్గర ఒక సర్వేయర్‌ను గొలుసుతో సహా కూర్చోబెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అంతదాకా ఐదింటికీ వెంట్రుకంత వైరు సోల్డర్ చేస్తూ కూర్చున్నాను. చెయ్యి వణికి పక్క పిన్నుకు అంటుకుంటోంది. సోల్డరింగ్ ఐరన్‌కు స్నాపింగ్ ఎందుకు పెట్టలేదో!